నీరజను సాగనంపినవాళ్లు

సంచిలోకి ముందు మాత్రల డబ్బా వెళ్లింది. దాని మీద తువ్వాలు, తువ్వాలు మీద టార్చిలైటు, పక్కన మంచినీళ్ల సీసా. పొద్దున్నే ఇడ్లీపిండితో వండిన పొట్టిక్కలు పనసాకు బుట్టలతో సహా స్టీలు క్యారేజీలో సర్దుకున్నాయి. ఆ తరవాత మంగాయమ్మ పాత జాకెట్టు గుడ్డలో చుట్టిన పుస్తకాన్ని పెట్టింది, తీసి చూసుకుంది, మళ్లీ పెట్టింది. కిందటేడు క్యాలెండరు వెనక గీసిన పటాన్ని చుట్టచుట్టి నిలువుగా దోపింది. అది సంచిలోంచి మెడ చాచి ఎవరి కోసమో చూస్తున్నట్టు నిలబడింది.

ఇంజనీరింగు చదువుతున్న మనవరాలు కుసుమ అప్పటికే చెప్పులేసుకుని గుమ్మంలో నిలబడి ఉంది.

"అమ్మమ్మా, మనం వెళ్లేది అమలాపురం. సాయంత్రానికి తిరిగి ముక్తేశ్వరంలో మనింట్లో ఉంటాం. టార్చిలైటు ఎందుకే?"

"కరెంటు పోతేనో?"

"పట్టపగలు."

"పగలు పోకూడదని ఉందా?"

"వేరే గ్రహానికి వెళ్లేవాళ్లు కూడా ఇంత సర్దుకోరు."

"సర్దుకోలేదు కాబట్టే కదే, వాళ్లలో సగంమంది తిరిగి రాలేదు," అని మంగాయమ్మ ఇంకో తువ్వాలు కూడా కుక్కింది.

ఆ వేళ అమలాపురంలో ఒక కల్యాణ మండపంలో బల్ల మీద ఆడే ఆటల పండగ. చుట్టుపక్కల కాలేజీల పిల్లలు కలిసి పెట్టుకున్నది. ఆ ఆటల్లో ఒక రకం ఉంది. బల్ల చుట్టూ కూర్చున్న ఒక్కొక్కరూ కథలో ఒక్కొక్క మనిషి అవుతారు. ఆట నడిపేవారు, ఇదిగో మీరు ఇలాంటి చోట ఉన్నారు, ఇలా జరిగింది, ఇప్పుడేం చేస్తారని అడుగుతారు. వాళ్లు చేసేది చెబుతారు. అది నెగ్గుతుందో లేదో తేలకపోతే ఇరవై ముఖాల డైస్ వేస్తారు. పెద్ద అంకె పడితే నెగ్గినట్టు, చిన్నది పడితే లేనట్టు. అంతే. ఈ ఆటని నడపడానికే మంగాయమ్మ వెళుతోంది. డెబ్బై దాటిన మనిషి, ఏనాడూ బడి గుమ్మం తొక్కని మనిషి.

బడికి వెళ్లకపోయినా చదువు మానలేదు. బస్సు బోర్డులు, రేవు దాటించే పంటు మీద రాసిన హెచ్చరికలు, బెల్లం పొట్లాల కాగితాలు కూడబలుక్కుని అక్షరాలు నేర్చుకుంది. పెళ్లయ్యాక అద్దె పుస్తకాల షాపు దొరికింది. ఆ షాపు మూసేసే రోజున, ఈ నవల మీ కన్నా ఎక్కువసార్లు ఎవరూ పట్టుకెళ్లలేదండీ, మీ దగ్గరే ఉంచుకోండని యజమాని ఇచ్చేసిన పుస్తకమే ఆ జాకెట్టు గుడ్డలోది. పేరు 'ఉప్పునేల లాంతరు'. అంతరిక్ష నవల.

కథ పెద్దదేం కాదు. భూమికి చాలా దూరంలో ఒక గ్రహం, కనుచూపు మేరా ఉప్పు. అక్కడ మనుషులు ఒక చిన్న కాలనీ కట్టుకుంటారు. వాళ్ల పిల్లల్ని తీసుకుని భూమి నుంచి ఓడ వస్తూ ఉంటుంది. ఓడకి దారి చూపే పెద్ద లాంతరు కాలనీకి దూరంగా ఉప్పు మైదానం అవతల ఉంది. అది ఆరిపోతుంది. సరిగ్గా అప్పుడే ఉప్పు పొగ కమ్ముతుంది. ఆ పొగలో రేడియోలు మూగబోతాయి, చాచిన చెయ్యి కనపడదు. లాంతరు బాగుచెయ్యడం తెలిసిన పైలట్ నీరజ ఒక్కతే బయల్దేరుతుంది. లాంతరు వెలుగుతుంది, ఓడ దిగుతుంది, పిల్లలు పరుగెత్తుకొస్తారు. నీరజ రాదు. కాలనీ వాళ్లు తలుపు తీసి పెట్టి ఏడుస్తారు. నవల అయిపోతుంది.

మంగాయమ్మకి వెళ్లడమనే మాటే పడదు. చెల్లెలు హేమ మస్కట్ వెళ్లిన రోజున బస్సు కిటికీ ఊచ పట్టుకుని రోడ్డు మీద తను నడుస్తూనే వెళ్లింది. కొన్నాళ్లు ఉత్తరాలొచ్చాయి, కొన్నాళ్లు ఫోన్లొచ్చాయి, తరవాత ఏదీ రాలేదు. భర్త కాకినాడ ఆస్పత్రికి కారులో కూర్చుని వెళ్లాడు, పడుకోబెట్టి తెచ్చారు. అందుకని ఆ నవల చివరికొచ్చేసరికి ప్రతిసారీ నెమ్మదిగా చదివేది. తను నెమ్మదిగా చదివితే నీరజకి కాస్త టైము దొరుకుతుందేమో అన్నట్టు.

ఆ నవలని ఆటగా మారుద్దామన్నది కుసుమ. మొదటిసారి ఇద్దరూ కలిసి నవలని ఉన్నదున్నట్టు దించేశారు. ముందు లాంతరు ఆరిపోవడం, తరవాత పొగ, తరవాత నీరజ వెళ్లడం. వసారాలో కుసుమ క్లాసు కుర్రాడు నాగసతీష్‌ని కూర్చోబెట్టి ఆడించారు. అతను మర్యాదస్థుడు. రెండు గంటలు విని, పొట్టిక్కలు తిని, చెయ్యి కడుక్కొచ్చి అప్పుడన్నాడు.

"చాలా బాగుందండి మామ్మగారూ. కాని ఇందాక నేను చెయ్యి కడుక్కోడానికి వెళ్లినప్పుడు కూడా కథ నడిచిపోయిందండి. నేను ఇంటికెళ్లిపోయినా నడిచేలా ఉంది."

నవలలో 'తరవాత' అనే మాట ఉంటుంది, ఆటలో అది ఉండకూడదని వాళ్లిద్దరికీ అప్పుడు తెలిసింది. తరవాతలన్నీ తీసేశారు. గ్రహాన్ని ఉంచారు, పొగని ఉంచారు, దగ్గరపడుతున్న ఓడని ఉంచారు. నీరజ పాత్ర ఎవరికీ ఇవ్వకూడదనీ, ఆమె తరఫున తనే మాట్లాడతాననీ మంగాయమ్మ పట్టుబట్టింది. మరి ఆడేవాళ్లు ఎవరవ్వాలి?

"మిగిలిపోయినవాళ్లు," అంది మంగాయమ్మ. "డాక్టరమ్మ, వంటాయన, మెకానిక్కు. పాపం, పుస్తకంలో వాళ్లకి ఏడవడం తప్ప వేరే పని లేదు. వాళ్లకి పనివ్వాలి."

కుసుమ ఆ మాటకి అమ్మమ్మని పట్టుకుని ఊపేసింది. ఆట ఆ మాట మీదే నిలబడింది.

నిలబడింది గాని, కొత్త చిక్కొచ్చింది. రెండోసారి ఆడించినప్పుడు మంగాయమ్మ ఎవరికీ ఏమీ కానివ్వలేదు. తుఫాను గుమ్మం దాకా వచ్చి పక్కకి తిరిగిపోయింది. నాగసతీష్ నడుపుతున్న మనిషి లోతైన గోతిలో పడితే అడుగున గడ్డివాము ఉంది.

"ఉప్పు గ్రహంలో గడ్డి ఎక్కడిదండీ?"

"ఎవరో వేసుంటారు బాబూ."

"మీ గ్రహం మీద తుఫాన్లు కూడా మమ్మల్నడిగి వస్తున్నాయండి మామ్మగారూ. మా అత్తగారింట్లో కూడా ఇంత మర్యాద జరగదేమో."

"నీకింకా పెళ్లే కాలేదు కదరా," అంది కుసుమ.

"అందుకే 'ఏమో' అన్నాను."

అతను వెళ్లాక కుసుమ నవ్వడం ఆపేసింది. "అమ్మమ్మా, నువ్వు డైస్ అంకె మార్చి చెబుతున్నావు. నేను చూశాను. ఇలాగైతే పండగలో వాళ్లు నీరజని కాపాడినా కాపాడినట్టు కాదు. నువ్వు దానం చేసినట్టవుతుంది."

మంగాయమ్మ పమిట చెంగు మడత పెట్టింది.

"డైస్ ఎలా పడితే అలాగే చెప్పాలి. అంతేనా?"

"అంతే."

"నీరజ విషయంలో కూడానా?"

"ముందు ఆవిడ విషయంలోనే."

మాటయితే ఇచ్చింది. తన చేత్తో, తన నోటితో నీరజని మళ్లీ పంపెయ్యాల్సి వస్తే ఎలా? పుస్తకమైతే మూసేసి లేచి అన్నం వార్చుకోవచ్చు. ఇక్కడ మనుషులు ఎదురుగా కూర్చుని తన మొహంలోకి చూస్తూ ఉంటారు.

మండపంలో చాలా బల్లలున్నాయి. ప్రతిదాని చుట్టూ గోల. మంగాయమ్మ బల్ల దగ్గరికి ముందు ఎవరూ రాలేదు. బామ్మగారు కథ చెబుతారు కాబోలనుకుని పక్కనుంచి వెళ్లిపోతున్నారు. చివరికి నాగసతీష్ తనే వచ్చి కూర్చున్నాడు. జూనియర్ కాలేజీ లెక్చరరు అనురాధ, కాళ్లు పీకుతున్నాయి ఇక్కడ కూర్చోవచ్చాండీ అంటూ వచ్చింది. ఆవిడ వెనకే అల్లవరం మనిషి సాలమోను వచ్చాడు. దోహాలో ఏసీ మెకానిక్కుగా ఏళ్ల తరబడి పనిచేసి తిరిగొచ్చినవాడు. కూతురు ఇంకో బల్ల దగ్గర ఆడుతోందిట, అయ్యేదాకా ఆగాలి.

"నాకీ ఆటలు రావండీ," అన్నాడు.

"నాకూ రావండీ, నడిపేదాన్ని నేనే," అంది మంగాయమ్మ. ముగ్గురూ నవ్వారు.

అనురాధ కాలనీ డాక్టరయింది. నాగసతీష్ వంటవాడు. సాలమోను మెకానిక్కే అవుతానన్నాడు, వేరేది చెయ్యడం తెలీదండీ అని. పాత్రకి పేరు పెట్టుకోమంటే దావీదు అన్నాడు. వాళ్ల నాన్నగారి పేరు. లాంతరు బాగుచెయ్యడానికి నీరజ పొగలోకి వెళ్లాలని విని, పొగ ఎలా ఉంటుందో, లాంతరు ఎంత దూరమో ప్రశ్నలు మొదలెట్టారు. ప్రతిదానికీ మంగాయమ్మ దగ్గర జవాబుంది. ఆ గ్రహంలో ఆవిడ వాళ్లందరికన్నా ముందునుంచీ కాపురముంటోంది.

"కొబ్బరి తాడు కట్టి పంపిద్దామండి," అన్నాడు నాగసతీష్.

"ఉప్పు తినేస్తుంది బాబూ. సగం దూరం వెళ్లేసరికి పీచు పీచయిపోతుంది."

"రేడియో?" అంది అనురాధ.

"మూగబోయింది. కేకేస్తే మాత్రం కాస్త దూరం వినపడుతుంది."

పక్కన కూర్చుని లెక్క రాసుకుంటున్న కుసుమ ఓడ దగ్గరపడుతోందని చెప్పింది. ఇక ఆగడానికి లేదు. మంగాయమ్మ గొంతు సవరించుకుని నీరజ అయింది.

"మరైతే నేను వెళ్లొస్తానండీ. తలుపు దగ్గరకి వేసుకోండి."

పుస్తకంలో ఇక్కడ అందరూ తలలు దించుకుంటారు. పేజీ తిప్పితే నీరజ ఒంటరిగా పొగలో ఉంటుంది. మంగాయమ్మ ఆ పేజీ కోసం సిద్ధంగా ఉంది.

"అదేంటండీ, అలా ఒక్కరూ వెళ్లిపోతారా," అంది అనురాధ. "నేను గేటు దాకా వస్తాను."

"గేటు దాకా ఏంటండీ, నేను ఆ మలుపు దాకా వస్తాను. దారిలో తినడానికి ఏదైనా కట్టివ్వాలి కదా," అన్నాడు వంటవాడైన నాగసతీష్.

"ఆయ్, నేను బస్సెక్కించి వస్తానండి," అన్నాడు సాలమోను.

పక్క బల్ల వాళ్లు కూడా నవ్వారు. కోనసీమలో ఎవరినైనా ఇంట్లోంచి పంపడమంటే అంతే. గడపలో వీడ్కోలు చెప్పి తలుపేసుకున్నవాళ్లని మనుషుల్లో జమకట్టరు. గేటు దాకా వెళ్లాలి, అక్కడ ఇంకో కబురు గుర్తు రావాలి, అది చెబుతూ సందు చివరి దాకా వెళ్లాలి, సామాను అందుకుని రోడ్డు దాకా వెళ్లాలి. ఒక్కొక్కరూ ఒక్కోచోట ఆగుతారు, దగ్గరవాళ్లు అందరికన్నా దూరం వెళతారు. నవల రాసినాయన ఏ ఊరివాడో గాని ఈ సంగతి ఆయనకి తట్టలేదు. ఇన్నేళ్లుగా చదువుతున్న మంగాయమ్మకీ తట్టలేదు. రోజూ చేసే పనిని పుస్తకంలో వెతకాలని ఎవరికి తోస్తుంది?

కుసుమ పెన్సిలు కింద పెట్టేసింది. "ఆగండాగండి. గేటు దగ్గర డాక్టరుగారు, మలుపులో వంటాయన, అవతల దావీదుగారు. ఒకరి కేక ఒకరికి వినపడేంత దూరంలో ఆగితే..."

"దారి తెలిసిపోతుంది," అన్నాడు నాగసతీష్ లేచి నిలబడి. "కేకని పట్టుకుని వెనక్కి నడిచొచ్చేయొచ్చు. మామ్మగారూ, కాలనీలో ఇంకెంతమంది ఉన్నారండీ?"

"అందరూ ఉన్నారు," అంది మంగాయమ్మ. "రమ్మంటే రానివాళ్లెవరూ లేరు."

పిలిచారు. ముసలివాళ్లని పిలిచారు, వంటింట్లోవాళ్లని పిలిచారు, కాలనీలో ఎవరితోనూ మాట్లాడని ఉప్పు కొలిచే గుమస్తాని కూడా అనురాధ బతిమాలి తీసుకొచ్చింది. క్యాలెండరు వెనక గీసిన ఉప్పు మైదానం మీద కుసుమ ఒక్కొక్క చింతపిక్క పెడుతూ పోయింది. గేటు దగ్గర మొదలైన వరస పొగలోకి సాగింది. వరసకి ఆ చివర దావీదు. అతన్ని దాటి నీరజ వెళ్లింది, లాంతరు దగ్గరకి చేరింది. మంగాయమ్మ డైస్ వేసింది, పెద్ద అంకె పడింది. లాంతరు వెలిగింది.

చుట్టూ జనం పోగవుతున్నారని మంగాయమ్మ చూసుకోలేదు. పొగ చిక్కబడింది. ఇప్పుడు నీరజకి దావీదు కేక వినపడాలి. పది దాటి పడితే వినపడినట్టు. నీరజ తరఫున వెయ్యాల్సింది తనే. ఎదురుగా చీరల అట్టపెట్టె మూత నిలబెట్టి ఉంది, ఆట నడిపేవాళ్లు దాని చాటున వేస్తారు. డైస్ దొర్లి ఆగింది.

నాలుగు.

ఆ అంకె ఒక్క మంగాయమ్మకే కనపడుతోంది. వేలితో కాస్త నెడితే చాలు. లేదా పదిహేడు అని నోటితో అంటే చాలు, అందరూ చప్పట్లు కొడతారు, తనూ సుఖంగా ఇంటికెళ్లి పడుకుంటుంది. ఎదురుగా అనురాధ రెండు చేతులూ గడ్డం కింద పెట్టుకుని చిన్నపిల్లలా చూస్తోంది. నాగసతీష్ బల్ల మీదికి వంగాడు. వాళ్లు ఇంతసేపూ ఇంత నిజంగా నడిచొచ్చారు. వాళ్లకి దానం చెయ్యడమా?

మంగాయమ్మ అట్టమూత తీసి పక్కన పడేసింది.

"నాలుగు పడిందండీ. నీరజకి వినపడలేదు. లాంతరు దగ్గర నిలబడి నాలుగు వైపులా చూస్తోంది. ఎటు నడవాలో తెలీడం లేదు."

తన గొంతు తనకే కొత్తగా ఉంది. అప్పుడు సాలమోను కుర్చీ ముందుకి జరుపుకున్నాడు.

"నేను ఇంకాస్త ముందుకెళ్తానండి."

"అలా వెళ్తే వెనకాల వాళ్ల కేక మీకు వినపడదండి అంకుల్," అంది కుసుమ.

"నా కేక ఆవిడకి వినపడుతుంది కదమ్మా. ఎటు నడవాలో చెప్పేస్తే ఆవిడ వరసని అందుకుంటారు."

"మరి మీరో?"

"పరదేశంలో దారి తప్పడం నాకు కొత్తా ఏంటమ్మా," అని నవ్వి డైస్ తీసుకున్నాడు. బల్ల మీద అందరి ముందూ వేశాడు. పద్దెనిమిది.

నీరజకి వినపడింది. మంగాయమ్మ చెప్పసాగింది. పొగలోంచి దావీదు గొంతు, దాన్ని పట్టుకుని నీరజ అడుగులు, అతని చెయ్యి ఆమె భుజం మీద పడి సరైన వైపుకి తిప్పడం, వరస అందేదాకా ఆమె దారి తప్పకుండా అతను అక్కడే ఆగి కేకేస్తూ ఉండడం. అక్కణ్ణించి గుమస్తా కేక, ముసలివాళ్ల కేకలు, మలుపులో వంటవాడు, గేటు దగ్గర డాక్టరు. ఎప్పుడు లేచి నిలబడిందో ఆవిడకే తెలీదు. ఇన్నేళ్లుగా నెమ్మదిగా చదివిన పేజీలు ఇప్పుడు పరుగెడుతున్నాయి. నీరజ గుమ్మంలో అడుగుపెట్టేసరికి అనురాధ బల్ల మీద చరిచింది. వెలుగు చూసుకుని ఓడ దిగింది, పిల్లలు మెట్ల మీంచి దూకేశారు, ఈసారి వాళ్లకి ఎదురెళ్లినవాళ్లలో నీరజ ఉంది. మండపంలో మిగతా బల్లలన్నీ ఆగిపోయాయి. చప్పట్లు ఎక్కడ మొదలయ్యాయో గాని ఆగలేదు. కుసుమ ఏడుస్తూ నవ్వుతోంది.

చప్పట్లు సద్దుమణిగాక సాలమోను గుర్తు చేశాడు.

"మామ్మగారూ, నాదొకటి మిగిలిందండి. దావీదు తిరిగొచ్చేడో లేదో."

అతను వేశాడు. మూడు.

"అబ్బే, వదిలెయ్యండి మామ్మగారూ," అన్నాడు నాగసతీష్. "తెల్లారేసరికి పొగ విడిపోయి ఈయన నడిచొచ్చేసేరని చెప్పెయ్యండి. ఎవరడుగుతారు? గడ్డివాము లాంటిదే కదండీ."

మంగాయమ్మ సాలమోను వైపు చూసింది. అతను కళ్లతోనే వద్దన్నాడు. ఆవిడకి భయం వెయ్యలేదు. దుఃఖం ఉంది గాని, అది కుంగదీసే దుఃఖం కాదు. అంత ముందుకి వెళ్లి కేకేసినవాణ్ణి అబద్ధమాడి వెనక్కి తెస్తే ఆ కేకకి విలువేం ఉంటుంది?

"లేదు బాబూ. ఆయన చేసింది ఆయనకే ఉండాలి."

సాలమోను లేచి రెండు చేతులూ జోడించాడు. "చాలా గొప్పగా పంపించేరండి మామ్మగారూ. మా నాన్న పోయినప్పుడు కూడా ఇంత జనం రాలేదండి."

ఆ తరవాత బల్ల చుట్టూ తోపులాట. రాజోలు పిల్లలు తమ ఊళ్లో ఆడిస్తామన్నారు, కొత్తపేట వాళ్లు మా ఊరికి ముందు రావాలని పేచీ పెట్టారు. పండగ పెట్టినవాళ్లు ఆ ఆటని అచ్చు వేయిస్తామనీ, నవల పేరు పక్కన మంగాయమ్మ పేరూ కుసుమ పేరూ వేస్తామనీ చెప్పారు. నడిపేవాళ్లకి ఏదైనా సలహా చెప్పండని అడిగితే, "అట్టమూత పెట్టుకోకండి," అంది మంగాయమ్మ. ఇంకేం చెప్పాలన్నారు. ఆవిడ మొదటిసారి ఈ ఆటలో జరిగింది జరిగినట్టు రాసుకోమంది. నీరజ తిరిగొచ్చింది. పిల్లలందరూ క్షేమంగా దిగారు. దావీదు ఉప్పు పొగలోంచి తిరిగి రాలేదు. రెండువేల ఇరవై నాలుగు, డిసెంబరు ఎనిమిది, ఆదివారం మధ్యాహ్నం.